చేటెడు తవుడు

(పదకొండో భాగం)

పోయిన వారం మనం నాగదుర్గని రాజమండ్రిలో, పిల్లల డాక్టరు విజయ్ పాల్ గారి గదిలో, కుర్చీ అంచు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ కూతురు దుర్గాశ్రీకి రెండేళ్ళ రెండు నెలలు. ఇంతవరకూ ఒక్క మాట పలకలేదు. పిలిస్తే తిరగదు, పడితే ఏడవదు, చేతులు చాస్తే రాదు. చెవుడేమోనని మండపేట పక్క ఊరి నుంచి మూడుసార్లు రాజమండ్రి తిరిగి చెవి పరీక్షలు చేయించారు. ఆ కాగితం చూసి డాక్టరు గారు, "చెవులు శుభ్రంగా పనిచేస్తున్నాయమ్మా" అన్నారు. నాగదుర్గ గుండెల మీది బరువు దిగబోయింది. దిగీ దిగకుండానే ఆయన ఇంకో మాట అడిగారు.

"ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారు?"

ఆ ప్రశ్న దగ్గరే మనం ఆగాం.

నాగదుర్గ మొగుడి మొహంలోకి చూసింది. ఉదయభాస్కర్ తలెత్తి ఫ్యాను చూస్తున్నాడు. పాప గచ్చు మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. చుట్టూ బుట్టెడు బొమ్మలు. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

"అందరం మాట్లాడతామండి" అన్నాడు ఉదయభాస్కర్.

"పొద్దున్న లేవగానే ఏమని పిలుస్తారు?"

"దుర్గాశ్రీ అండి. అంగన్‌వాడీ పుస్తకంలో అదే రాయించాం."

"పుస్తకంలో సరేనండి. నోటితో?"

ఆయన కోపంగా అడగలేదు. మందు ఎన్ని పూటలు వేశారని అడిగినట్టు అడిగారు. నాగదుర్గకి మాత్రం చెంప మీద కొట్టినట్టే ఉంది. ఇంతలో కిటికీ అవతల రోడ్డు మీద ఏదో లారీ వెనక్కి తీస్తున్నారు. టీ... టీ... టీ... అని మోత. పాప ఊగడం ఆపింది. తల పైకెత్తింది. పెదవులు గుండ్రంగా చేసి, "టీ... టీ... టీ..." అంది, అచ్చు దాని గొంతుతోనే.

డాక్టరు గారు ముందుకి వంగారు. "ఇది ఎక్కడ నేర్చుకుంది?"

"మా పెరటి గోడ అవతల రైసుమిల్లండి. రోజంతా లారీలు వెనక్కి వస్తూనే ఉంటాయి" అన్నాడు ఉదయభాస్కర్ కాస్త నవ్వుతూ. "ఎంత బాగా పట్టేసిందో చూడండి."

"అంటే పాపతో రోజూ మాట్లాడేది ఆ లారీ ఒక్కటేనన్నమాట."

ఉదయభాస్కర్ నవ్వు సగంలో చచ్చింది. నాగదుర్గ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ తనే తీసేసింది.

"నేను మాట్లాడకూడదండి. నేను దాన్ని అమ్మేశానండి."

డాక్టరు గారి చేతిలో పెన్ను ఆగింది.

"ఊరుకోవే! అమ్మడమంటే అది కాదండి" అని ఉదయభాస్కర్ కుర్చీలోంచి లేవబోయాడు. "మా వైపు పాత పద్ధతండి. పిల్లలు నిలవని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చేటలో పడుకోబెట్టి వేరే ఆవిడకి అమ్మినట్టు చేస్తారు. చేటెడు తవుడు తీసుకుని బిడ్డని ఇచ్చేస్తారు. మూడో ఏడు నిండాక మళ్ళీ తెచ్చుకుంటారు. ఉత్తి లాంఛనమండి."

"ఉత్తి లాంఛనమా!" నాగదుర్గ గిర్రున తిరిగింది. మొగుడికి ఎదురు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. "మీకు లాంఛనం. నాకు?"

ఇక చెప్పుకుపోయింది. మొదటి కానుపులో బిడ్డ కడుపులోనే పోయింది. రెండోవాడు దుర్గాసాయి. తొమ్మిదో నెలలో మూడు రోజుల జ్వరం. మూడో రోజు పొద్దున్న పాలపీక అలా నోట్లో ఉండగానే పోయాడు. అందుకని ఈ పాప పుట్టగానే అత్తగారు అప్పాయమ్మ పక్కింటి వీరమ్మని పిలిచి తవుడు బేరం చేయించింది. ఆ రోజు నుంచి నాగదుర్గకి కట్టుబాట్లు. ముద్దు పెట్టకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. నా తల్లీ, నా బంగారం అనకూడదు. పాలిచ్చేటప్పుడు గోడకేసి చూడాలి. నీ బిడ్డ అని తెలిస్తే ఆ ఇద్దర్నీ తీసుకుపోయిన చావు దీన్నీ తీసుకుపోతుంది, అంది అత్తగారు.

"నేను చూళ్ళేదండి. ఒట్టు. పాలు తాగినన్నాళ్ళూ గోడకేసే చూశాను. ఆ గోడ మీద సున్నం ఎన్ని చోట్ల పెచ్చులూడిందో నాకు తెలుసు. దీని కళ్ళు ఏ రంగో ఇక్కడికొచ్చాకే సరిగ్గా చూశాను. నిద్రపోయాక మాత్రం, రాత్రికి పదిసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. ఊపిరాడుతోందా లేదా అని. పగలంతా టీవీ పెట్టి గదిలో కూర్చోబెట్టేదాన్ని. వేళకి అన్నం, వేళకి నీళ్ళు, వేళకి స్నానం. ఏడవదండి. ఏడవని పిల్ల, నీ అదృష్టం అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను."

"ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని తెలిసిన పిల్ల ఏడుస్తుందమ్మా" అన్నారు డాక్టరు గారు మెల్లగా.

ఆ మాట నాగదుర్గకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక మాత్రం కుర్చీ దిగి పాప పక్కన గచ్చు మీద కూర్చుంది.

ఉదయభాస్కర్ ఊరుకోలేదు. "నన్నూ అమ్మారండి చిన్నప్పుడు. నాకు ముందు ఇద్దరు పోయారు. ఇప్పటికీ మా ఊళ్ళో పెద్దవాళ్ళు నన్ను 'ఒరేయ్ తవుడూ' అనే పిలుస్తారు. నాకేం తక్కువైందండీ? డిగ్రీ చదివాను. వ్యవసాయం చేసుకుంటున్నాను."

"అయితే మీతో ఎవరో కడుపునిండా మాట్లాడి ఉంటారండి. ఎవరో కనుక్కోండి." డాక్టరు గారు కాగితం పక్కన పెట్టారు. "మీ చేలోకి నీళ్ళెలా వస్తాయి?"

"కాలువ మీంచి బోదె ఉందండి."

"ఆ బోదెలో రెండేళ్ళు చుక్క పారకపోతే?"

"పూడిపోద్దండి. గడ్డి మొలిచేసి, బోదె ఎక్కడుందో కూడా తెలీదు."

"పసిపిల్ల బుర్రలో అలాంటి బోదెలు లెక్కలేనన్ని ఉంటాయండి. పాప ఊ అంటుంది, అమ్మ 'ఏంటమ్మా' అంటుంది. ఒక తడి పారింది. పాప ఏడుస్తుంది, ఎవరో ఎత్తుకుంటారు. ఇంకో తడి. పాప నవ్వితే ఎదురు నవ్వాలి, వేలు చూపిస్తే ఆ వేలు వెంట చూడాలి. రోజుకి వందసార్లు అలా పారిన బోదె గట్టిపడుతుంది. మాట, తెలివి, ధైర్యం అన్నీ అందులోంచే రావాలి. పారనిదాన్ని బుర్ర తనే పూడ్చేసుకుంటుంది, అక్కర్లేదు కామోసని. మీరు తిండి పెట్టారు, టీకాలు వేయించారు. పిల్లకి మనిషి కూడా తిండేనండి."

నాగదుర్గ అడగకూడదనుకున్నదే అడిగింది. ఎప్పుడూ అంతే, చెడ్డమాటే ముందు నోటికొస్తుంది. "నా పిల్ల పిచ్చిదైపోయిందా అండి?"

"ఆ మాట నేను అనను. బాగైపోతుందని కూడా ఇవాళే హామీ ఇవ్వలేను. తల చుట్టుకొలత వయసుకి కొంచెం తక్కువుంది. మాట, ఆట వెనకబడ్డాయి. పూడిన బోదెని మళ్ళీ తవ్వుకోవచ్చు. కాకపోతే మొదటి మూడేళ్ళలో మట్టి మెత్తగా ఉంటుంది, ఆలస్యమైనకొద్దీ గట్టిపడుతుంది. నేను చెప్పే మందు ఒకటే. ఇవాళ నుంచే మాట్లాడండి. ఎత్తుకోండి. పేరు పెట్టి పిలవండి. ప్రతి వారం ఇక్కడికి తీసుకురండి, ఎలా ఆడించాలో నేర్పిస్తాం."

మూడేళ్ళు! నాగదుర్గ మనసులో ఆ మాట గంటలా మోగింది. అత్తగారు పెట్టిన గడువూ మూడేళ్ళే. అప్పటిదాకా నోరు తెరిస్తే బిడ్డ ప్రాణం పోతుందంటుంది ఆవిడ. నోరు తెరవకపోతే బిడ్డ బుర్ర పూడిపోతుందంటున్నారు ఈయన. ఏ తల్లికీ రాకూడని బేరం ఇది.

మోటారుసైకిలు మీద ఇంటికొస్తుంటే దారంతా కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు. ద్వారపూడి దాటాక ఉదయభాస్కర్ మెడ తిప్పకుండానే అన్నాడు. "అమ్మకి ఇవన్నీ చెప్పకు. పెద్దావిడ, బెంగ పెట్టుకుంటుంది."

"ఏవండీ, వీరమ్మత్త ఎక్కడుంది?"

"సామర్లకోటలో, కూతురి దగ్గర. ఏం?"

"పాప ఇప్పుడు ఆవిడది కదా. ఆవిడ మాట్లాడితే తప్పు లేదు కదా. వచ్చి పది నెలలు మన దగ్గర ఉండమని కాళ్ళు పట్టుకుంటాను."

ఉదయభాస్కర్ ఎదురొచ్చిన ట్రాక్టరుకి పక్కకి తప్పుకున్నాడు. "రేపు మన చేలో మిషను దిగుతుంది. నేను రాలేను. నువ్వు వెళ్ళిరా" అన్నాడు. అదీ అతని మంచితనం. అడ్డుపడడు, తోడూ రాడు.

మర్నాడు అత్తగారితో భీమేశ్వరుడి దర్శనమని చెప్పి నాగదుర్గ పాపని తీసుకుని సామర్లకోట బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. పక్కసీటులో ఒకావిడ తన మనవడికి "అదిగో ఆవు! ఆవు ఏమంటుంది?" అని అడుగుతోంది. వాడు "అంబా!" అని బస్సు అదిరేలా అరుస్తున్నాడు. వాడికి రెండేళ్ళు కూడా లేవు. నాగదుర్గ ఒళ్ళోని పాపకేసి చూసింది. అదిగో ఆవు. రెండే మాటలు. నాలుక చివరి దాకా వచ్చాయి. దుర్గాసాయి నోట్లోని పాలపీక గుర్తొచ్చి నోరు గట్టిగా మూసుకుంది.

వీరమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటాయి. మోకాళ్ళు పనికిరావు కానీ గొంతు మాత్రం పాతదే.

"ఎవరే అది? నాగదుర్గా! ఓసి నా తల్లీ, రా రా! ఇదేనా నా సరుకు? ఏదీ, ఇలా పడెయ్! చేటెడు తవుడు పోసి కొన్నానమ్మా, పుచ్చు సరుకు అంటగట్టలేదు కదా మీ అత్త!"

పకపకా నవ్వి పాపని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. బుగ్గలు పుణికింది. "ఏమే పిల్లా, కొన్నదాన్ని గుర్తుపట్టావా? ఏదీ, నవ్వు చూద్దాం!" అని గడ్డం పట్టుకుని ఊపింది. పాప చూపు ఆవిడ భుజం మీంచి ఎక్కడికో పోయింది. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. వీరమ్మ మెడ పట్టుకోలేదు, వద్దని తోసెయ్యనూ లేదు.

వీరమ్మ నవ్వు ఆగింది. "ఇదేంటే, పిల్ల ఇలా మూటలా ఉంది? జ్వరమా?"

నాగదుర్గ చెప్పింది. డాక్టరు గారు అన్నది, లారీ మోత, బోదెలు, అన్నీ. చెబుతూ వీరమ్మ మొహమే చూస్తోంది. ఆ మొహం ఎర్రబడింది, పాలిపోయింది.

"ఉండు, ఉండు. నువ్వు దీంతో మాట్లాడలేదు, సరే. అది పద్ధతే. మరి ఎవరు మాట్లాడారు?"

"ఎవరూ మాట్లాడలేదండి. మీరు ఇక్కడికి వచ్చేశారు కదా."

"ఓసి పిచ్చి మొహమా!" వీరమ్మ తలకొట్టుకుంది. చిక్కుడుకాయలు ఒళ్ళోంచి చెదిరిపోయాయి. "అమ్మినామె నోరు మూసుకోవాలి. కొన్నామె నోరు తెరవాలి! అదే కదే బేరం! చావు గుమ్మంలోకొచ్చి చూస్తే, ఇది వేరే ఇంటి బిడ్డ కామోసు అని తిరిగిపోవాలి. అందుకని అమ్మని మారుస్తారు కానీ, బిడ్డకి అమ్మే లేకుండా చేస్తారా ఎక్కడైనా? మీ ఆయన్ని నేను మూడేళ్ళు చంక దించితే ఒట్టు. కాకిని చూపించి ఒక ముద్ద, పిల్లిని చూపించి ఒక ముద్ద. తవుడూ తవుడూ అని పొద్దస్తమానం పిలుస్తూనే ఉండేదాన్ని. మొదటి మాట 'తవూ' అన్నాడు, తన పేరు తనే పిలుచుకున్నాడు వెధవ! మీ అత్త చాటున నిలబడి విని ఏడ్చేది. వినడం వరకే దానికి హక్కు. నాకు వినడమే కాదు, తిట్టడం, కొట్టడం, ముద్దాడడం అన్నీ హక్కే. అప్పట్లో మా పెరళ్ళకి గోడలేవీ? నేను లేకపోతే ఇంకోత్తి, అది లేకపోతే మరోత్తి. పిల్లాడు ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలో ఉండేవాడు."

నాగదుర్గ చెదిరిన చిక్కుడుకాయలు ఏరుతోంది. "అత్తయ్యగారు ఈ రెండో సగం నాకు చెప్పలేదండి."

"చెప్పలేదా? మరి నేను చేట తిరిగి ఇచ్చేసిన సంగతి?"

"ఏ చేట?"

"దీన్ని కొన్న చేటే! దీనికి మూడో నెల. మా అమ్మాయికి నడుం ఆపరేషన్ అంటే నేను ఇక్కడికి వచ్చెయ్యాల్సొచ్చింది. చేట మీ అత్త చేతిలో పెట్టి చెప్పి మరీ వచ్చాను. 'అప్పాయమ్మా, నేనిక తిరిగి రాను. బిడ్డని ఇంకో చేతికి మార్చు. చేట ఎవరింట ఉంటే బిడ్డ వాళ్ళది' అన్నాను. సరేనంది. మారుస్తానంది. ఎవరికి మార్చింది?"

నాగదుర్గ వేళ్ళు ముడుస్తూ నెలలు లెక్కపెట్టుకుంది. మూడో నెల నుంచి ఇవాళ్టి దాకా ఇరవై మూడు. అమ్మినామె ముట్టుకోలేదు. కొన్నామె దగ్గర లేదు. ఇరవై మూడు నెలలు ఈ పిల్ల ఎవరిదీ కాదు.

"మీరే వచ్చెయ్యండి అత్తా. మా ఇంట్లో ఉందురుగాని. నేను చేసిపెడతాను."

"నా మోకాళ్ళు చూడవే. దొడ్లోకి వెళ్ళడానికే మనిషి కావాలి." వీరమ్మ పాప తల నిమిరింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "వెళ్ళు. వెళ్ళి ముందు ఆ చేట ఎక్కడుందో అడుగు."

నాలుగు గంటలకి నాగదుర్గ ఇల్లు చేరింది. అప్పాయమ్మ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పెరటి గోడ అవతల మిల్లు హోరు.

"దర్శనం బాగా అయిందా? ప్రసాదమేదీ?"

"చేట ఏదండీ అత్తయ్యగారూ?"

"ఇదిగో, చేతిలోనే ఉందిగా. కళ్ళు కనబడటం లేదా?"

"ఇది కాదండి. వీరమ్మత్త తిరిగిచ్చిన చేట."

అప్పాయమ్మ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. తల ఎత్తలేదు. ఒక రాయి ఏరింది. చూస్తే అది రాయి కాదు, బియ్యపు గింజే. దాన్నీ పారేసింది.

"ఎవరికి మార్చారండీ పాపని?"

అప్పాయమ్మ మళ్ళీ బియ్యం ఏరసాగింది.

"అత్తయ్యగారూ! రాజమండ్రిలో డాక్టరు గారు నా పిల్ల తల కొలిచి చూపించారు. చిన్నదైపోయిందట. ఎవరూ మాట్లాడక. నేనా మాట్లాడను, మీరు వద్దన్నారు. మరి ఎవరికి మార్చారు? చెప్పండి!"

ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడేళ్ళలో నాగదుర్గ గొంతు వీధిలోకి వినపడటం ఇదే మొదలు.

"అడిగానే" అంది అప్పాయమ్మ. ఆ గొంతు అత్తగారిది కాదు, ఎవరో దెబ్బతిన్న మనిషిది. "ముందు మన పెద్దింట్లమ్మని అడిగాను. 'మీ ఇంట పిల్లలు నిలవరు పిన్నీ, ఆ దోషం నాకెందుకు, నాకూ చంటిపిల్లాడున్నాడు' అంది. సత్యకుమారిని అడిగితే, 'అంగన్‌వాడీ టీచరుని నేనే ఇలాంటివి చేస్తే ఎలా' అంది. ఎదురింటి పాపాయమ్మ, అదే మన పాపాయి, అయితే నన్ను గుమ్మంలోంచే పంపేసింది. మూడు గడపలు తిరిగాను. నాలుగో గడపకి వెళ్ళే మొహం లేకపోయింది. ఎవరూ కొనలేదని తెలిస్తే నువ్వు ఊరుకుంటావా? ఎత్తుకుంటావు. ముద్దులాడతావు. అదీ పోతుంది. అందుకని నేను..."

"అందుకని?"

"వీరమ్మదే అనుకోనిచ్చాను. వీరమ్మ దూరంగా ఉంటేనేం, పాప బతికే ఉందిగా! రెండేళ్ళు దాటింది. ఆ ఇద్దరూ బతికారా? చెప్పు! ఇది బతికింది!" అప్పాయమ్మ ఏడుస్తోంది. "మాటలదేముందే, ఇవాళ కాకపోతే రేపొస్తాయి. ప్రాణం వస్తుందా?"

నాగదుర్గకి అత్తగారి మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బతికింది. నిజమే. తనూ రెండేళ్ళూ అదే కదా చేసింది! చచ్చిపోకుండా కాపలా కాయడాన్నే పెంపకం అనుకుంది.

లోపలికెళ్ళి బీరువా మీది సూట్‌కేసులు దించింది. వెనక గోడకి ఆనించి ఉంది, పసుపు రాసిన చిన్న చేట. అల్లికల మధ్య ఇంకా తవుడు పట్టి ఉంది, పురుగు పట్టి ముక్కవాసన. దాన్ని రెండు చేతులా పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"చేట ఎవరి దగ్గరుంటే బిడ్డ వాళ్ళదటగా?"

అప్పాయమ్మ మొహం తెల్లబోయింది. "వద్దే! అమ్మిన చేత్తో కొనకూడదు! గడువు నిండాలి, పట్టిసీమలో వీరభద్రుడికి తలనీలాలివ్వాలి, అప్పుడే! పది నెలలు ఆగు, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"పది నెలలు పాప బుర్ర ఆగదండి."

నాగదుర్గ చేట కింద పెట్టి పాప ముందు చతికిలబడింది. పాప గోడకి ఆనుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కళ్ళు లేత తేనె రంగు. ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో ఎప్పుడూ చూడలేదు.

"దుర్గాశ్రీ!"

సొంత గొంతు తనకే కొత్తగా ఉంది. పాప ఊగుతూనే ఉంది.

"దుర్గాశ్రీ! అమ్మా! నేనమ్మా, అమ్మని."

ఊగుతూనే ఉంది. అప్పాయమ్మ చెవులు మూసుకుని "వీరభద్రా, వీరభద్రా" అంటోంది. నాగదుర్గకి ఏం మాట్లాడాలో తెలియలేదు. రెండేళ్ళ మాటలు దాచుకుంది కదా, ఒక్కటీ చేతికి తగలడం లేదు. బస్సులో విన్నది గుర్తొచ్చింది. గోడ మీది కాకి కేసి వేలు చూపించింది. "అదిగో కాకి! కాకి ఏమంటుంది? కావ్ అంటుంది. ఏమంటుందే నా తల్లీ?"

ఊగడం ఆగింది.

పాప తల మెల్లగా తిరిగింది. కాకి వైపు కాదు. వేలు వైపు కూడా కాదు. తల్లి నోటి వైపు. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టినట్టు కాసేపు అలాగే చూసింది. పెదవులు గుండ్రంగా చేసింది. మిల్లులో ఇప్పుడు లారీ ఏదీ లేదు. మోత ఏదీ లేదు.

"టీ..." అంది దుర్గాశ్రీ, తల్లి మొహంలోకి చూస్తూ. "టీ... టీ..."

తనకి తెలిసిన ఒక్క మాటా తల్లికి ఇచ్చేసింది!

"అత్తయ్యగారూ! నాతో అందండీ! నన్ను చూసి అంది!" నాగదుర్గ ఏడుస్తూ నవ్వుతూ పాపని లాక్కుని గుండెకి హత్తుకుంది. రెండేళ్ళ ముద్దులన్నీ ఒక్కసారే బుగ్గల మీద, నుదుటి మీద, మెడ మీద...

మెడ మీద పెదవులు ఆగిపోయాయి.

వెనక్కి తీసి, చేత్తో తాకింది. వీపు తాకింది. అరికాళ్ళు తాకింది. పొద్దున్న వీరమ్మ "జ్వరమా?" అన్న మాట ఇప్పుడు చెవిలో పడింది. బస్సులో ఎండ తగిలిందనుకుంది తను.

అప్పాయమ్మ చెవుల మీంచి చేతులు తీసింది. కోడలి మొహం చూసింది, అడగకుండానే అర్థమైంది. ముసలావిడ పాక్కుంటూ వచ్చి పాప నుదుటి మీద చెయ్యి వేసింది, నిప్పు తాకినట్టు వెనక్కి తీసుకుంది.

"దుర్గాసాయికీ ఇలాగే మొదలైంది" అంది గుసగుసగా. తర్వాత ఆ చేట ఎత్తి కోడలి ముందుకి చాచింది. "ఇంకా పొద్దు కుంకలేదు. బిడ్డని ఇందులో పడుకోబెట్టు, మళ్ళీ అమ్మేసినట్టే. ఇక నోరు మూసుకో. నువ్వు పిలిచింది ఎవరూ వినలేదనుకుందాం."

పాప కళ్ళు మూతలు పడుతున్నాయి. వేడి వేళ్ళతో తల్లి జాకెట్టు అంచు పట్టుకుని, ఇంకా ఆ నోటి వైపే చూస్తోంది. మళ్ళీ ఎప్పుడు మాట్లాడుతుందా అని.